నాణ్యత, భద్రత వ్యవస్థలను ఒకటి చేసేటప్పుడు ఏవి కలపాలి, ఏవి విడిగా ఉంచాలి

మీరు అడిగిన విషయాన్ని ముందుగా క్లుప్తంగా చెప్పుకుందాం. మీ సంస్థలో అంతర్జాతీయ ప్రమాణమైన ఐఎస్ఓ 9001 ప్రకారం నాణ్యతా నిర్వహణ వ్యవస్థ, ఐఎస్ఓ 45001 ప్రకారం వృత్తి ఆరోగ్య భద్రతా వ్యవస్థ రెండూ నడుస్తున్నాయి. వాటికి వేర్వేరు విభాగాలు, వేర్వేరు మాన్యువళ్లు, వేర్వేరు ఆడిట్లు ఉన్నాయి. రెండింటినీ కలిపి ఒకే వ్యవస్థ చేయమని యాజమాన్యం చెప్పింది. ఉమ్మడి మాన్యువల్ రాస్తే సరిపోతుందా, రెండు విభాగాలకూ ఒక్కరే అధిపతిగా ఉండవచ్చా, పని ఎక్కడ మొదలుపెట్టాలి అన్నవి మీ ప్రశ్నలు.

మాన్యువల్ కలపడం వల్ల ఒరిగేది చాలా తక్కువ. కలపవలసినవి నిర్ణయాలు. ఒక పనిని ఎలా చేయాలి, ఆ పనిలో మార్పును ఎవరు ఒప్పుకోవాలి, తప్పు జరిగినప్పుడు కారణాన్ని ఎవరు వెతకాలి అనే మూడు చోట్ల రెండు విభాగాలూ ఒకే బల్ల దగ్గర కూర్చుంటే వ్యవస్థ కలిసినట్టే. ఆ మూడు చోట్లా ఎవరి దారి వారిదిగా ఉన్నంతకాలం మాన్యువల్ ఎంత అందంగా కుదిరినా సంస్థలో రెండు వ్యవస్థలే ఉంటాయి. అలాగే కొన్ని విషయాలను కలపకూడదు. వాటి గురించి కూడా వివరంగా చెబుతాను, ఎందుకంటే ఏకీకరణ పేరుతో భద్రత బలహీనపడేది సాధారణంగా అక్కడే.

చాలామంది మాన్యువల్‌తో మొదలుపెట్టడానికి కారణం లేకపోలేదు. భద్రత కోసం ఇంతకుముందు వాడుకలో ఉన్న ప్రమాణమైన ఓహెచ్‌ఎస్‌ఏఎస్ 18001 (1999లో వచ్చి 2007లో సవరణ పొందినది) అధ్యాయాల అమరిక ఐఎస్ఓ 9001 అమరికతో కలిసేది కాదు. ఏ క్లాజుకు ఏది సమానమో పట్టికలు వేసుకోవలసి వచ్చేది. 2012లో ఐఎస్ఓ తన నిర్వహణ వ్యవస్థల ప్రమాణాలకు అనెక్స్ ఎస్‌ఎల్ అనే ఉమ్మడి చట్రాన్ని తెచ్చింది. 2015 నాటి ఐఎస్ఓ 9001, 2018 మార్చిలో వెలువడిన ఐఎస్ఓ 45001 రెండూ ఆ చట్రంలోనే ఉన్నాయి. సంస్థ నేపథ్యం 4వ క్లాజు, నాయకత్వం 5, ప్రణాళిక 6, వనరులు, మద్దతు 7, పనుల నిర్వహణ 8, పనితీరు మూల్యాంకనం 9, మెరుగుదల 10. సంఖ్యలు అంత చక్కగా కలిసినప్పుడు రెండు మాన్యువళ్లను పక్కపక్కన పెట్టి ఒకటిగా కుట్టేయాలని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ 2015 ప్రమాణం అసలు నాణ్యతా మాన్యువల్ ఉండి తీరాలని అడగడం లేదు. 2008 ప్రమాణంలో ఉన్న ఆ షరతును, మేనేజ్‌మెంట్ రిప్రజెంటేటివ్ (వ్యవస్థకు యాజమాన్యం తరఫు బాధ్యుడు) అనే పదవిని కూడా అది తొలగించింది. ఐఎస్ఓ 45001 కూడా మాన్యువల్ అడగదు. ప్రమాణాలే తప్పనిసరి అనని పత్రం మీద మీ మొదటి నెలల శ్రమనంతా ధారపోయడం సరికాదు.

అసలు సమస్య ఎక్కడ ఉంటుందో ఒక పనిని దగ్గరగా చూస్తే తెలుస్తుంది. ప్లాస్టిక్ ఫిల్మ్‌పై పూత వేసే లైనును తీసుకుందాం. పూత ద్రావణం ఎండి చిన్న చిన్న రేణువులుగా రోలరుకు అంటుకుంటుంది. రోలరు తిరిగిన ప్రతిసారీ ఆ రేణువు ఫిల్మ్‌పై ఒక మచ్చ వేస్తుంది. ప్రతి అరగంటకూ ఫిల్మ్‌ను పరిశీలించి, మచ్చ కనబడిన వెంటనే రోలరును శుభ్రం చేయాలని నాణ్యతా విభాగం రాసిన సూచన చెబుతుంది. రోలరును ముట్టుకునే ముందు యంత్రాన్ని ఆపి, విద్యుత్తును వేరుచేసి తాళం వేయాలని భద్రతా విభాగం రాసిన సూచన చెబుతుంది. రెండూ సరైనవే. అయితే యంత్రాన్ని ఆపి మళ్లీ నడిపితే వేగం కుదురుకునే వరకు వచ్చే ఫిల్మ్ అంతా తుక్కు కిందికి పోతుంది. షిఫ్టు నివేదికలో ఉత్పత్తికి ఒక గడి, తుక్కుకు ఒక గడి ఉంటాయి, తాళం వేసిన సమయానికి ఏ గడీ ఉండదు. అందుకని ఆపరేటర్ తిరుగుతున్న రోలరుపైనే గుడ్డ పెట్టి తుడుస్తాడు. రెండు రోలర్లు లోపలికి తిరిగే వైపు ఆ గుడ్డ చిక్కుకుంటే, దానితో పాటే చెయ్యి కూడా లోపలికి పోతుంది.

ఇప్పుడు ఆడిట్లు చూడండి. నాణ్యతా ఆడిటర్‌కు అరగంటకొకసారి శుభ్రం చేసినట్టు టిక్కులు కనబడతాయి, కాబట్టి లోపం లేదని రాస్తాడు. భద్రతా ఆడిటర్‌కు లాకౌట్ (యంత్రాన్ని ఆపి తాళం వేయడం) శిక్షణ రిజిస్టరులో సంతకాలు కనబడతాయి, ఆయన కూడా లోపం లేదనే రాస్తాడు. రెండు సూచనల మధ్య ఉన్న వైరుధ్యాన్ని సంస్థ పరిష్కరించలేదు, దాన్ని ఆపరేటర్ చేతికి వదిలేసింది. ఆ చెయ్యి ప్రతి అరగంటకూ దాన్ని తన శక్తి కొద్దీ పరిష్కరిస్తూ ఉంది.

రెండు విభాగాల వారూ, ఆ ఆపరేటరూ, యంత్ర నిర్వహణ ఇంజినీరూ కలిసి కూర్చుంటే అడగవలసిన ప్రశ్న మారుతుంది. రోలరును ఎలా తుడవాలి అని కాకుండా రేణువు ఎందుకు అంటుకుంటోంది అని అడుగుతారు. ద్రావణం ఉన్న ట్రేకు మూత లేక సాల్వెంట్ ఆవిరైపోయి చిక్కబడుతూ ఉండవచ్చు. వడపోత జాలీ రంధ్రాలు పెద్దవి అయి ఉండవచ్చు. మూత పెట్టి, జాలీ మార్చి, రోలరును ఆనుకుని స్థిరమైన గీకుడు బ్లేడు బిగిస్తే తుడవవలసిన సందర్భాలే తగ్గిపోతాయి. ఇంకా తుడవవలసి వస్తే గార్డు (యంత్రపు రక్షణ కవచం) తెరిచినప్పుడు మామూలు వేగంలో తిరగకుండా ఇంటర్‌లాక్ పెట్టి, బటన్ నొక్కి పట్టుకున్నంతసేపే చాలా నెమ్మదిగా కదిలే ఏర్పాటు చేయవచ్చు, గుడ్డ పెట్టేది రోలర్లు బయటికి తిరిగే వైపే ఉండేలా చూడవచ్చు. ఐఎస్ఓ 45001లోని 8.1.2 క్లాజు చెప్పే నియంత్రణల క్రమం ఇదే: మొదట ప్రమాద కారకాన్ని తొలగించడం, కుదరకపోతే తక్కువ ప్రమాదమున్న దానితో మార్చడం, తర్వాత ఇంజినీరింగ్ ఏర్పాట్లు, ఆ తర్వాత సూచనలు, శిక్షణ, చిట్టచివర వ్యక్తిగత రక్షణ సామగ్రి. నాణ్యతా రంగంలో పోకా-యోకే అని పిలిచే పద్ధతి, అంటే తప్పు జరగడానికి వీల్లేకుండా పనినే మార్చడం, ఇదే తర్కం మీద నడుస్తుంది. రోలరు విషయంలో మచ్చలూ తగ్గాయి, చెయ్యీ దూరంగా ఉంది. ఏకీకరణ వల్ల కలిగే అసలు లాభం ఇదే. పత్రాల సంఖ్య తగ్గడం దీనితో పోలిస్తే చాలా చిన్న విషయం.

అందువల్ల మీరు మొదలుపెట్టవలసిన చోటు పనిస్థలం. గాయాలు గానీ లోపాలు గానీ ఎక్కువగా నమోదైన ఒక పనిని ఎంచుకోండి. ఆ పనికి వర్తించే సూచనలన్నీ, నాణ్యతవి, భద్రతవి, యంత్ర నిర్వహణవి, కొనుగోలుదారు ప్రత్యేకంగా ఇచ్చినవి, ఒక బల్లపై పరచండి. తర్వాత ఒక పూర్తి షిఫ్టు ఆ పని దగ్గరే నిలబడి చూడండి. నాణ్యత కోసం చేసే ఏ అడుగు చేతిని ప్రమాదంలోకి తీసుకెళ్తోంది, భద్రత కోసం చెప్పిన ఏ అడుగు వల్ల పని నాణ్యత చెడుతోంది అని గుర్తు పెట్టుకోండి. రెండో రకం కూడా తక్కువేమీ కాదు. మందపాటి చేతి తొడుగులు ఇస్తే చిన్న భాగాలు జారిపోతాయి, చివరికి తొడుగులు జేబులోకి వెళ్తాయి. అది క్రమశిక్షణ లోపం అని రాసేవారు ఉంటారు. నిజానికి అది తొడుగు ఎంపికలో లోపం. ఆపరేటర్లతో మాట్లాడేటప్పుడు సూపర్‌వైజర్ పక్కన లేకుండా చూసుకోండి. ఈ ఒక్క జాగ్రత్తతో మీకు తెలిసే విషయాలు ఎన్నో రెట్లు పెరుగుతాయి.

రెండో చోటు మార్పు. ఏకీకరణకు మీరు ఒకే ఒక్క ప్రక్రియను ఎంచుకోగలిగితే మార్పు నియంత్రణనే ఎంచుకోండి. ఐఎస్ఓ 9001లో 6.3, 8.5.6 క్లాజులు, ఐఎస్ఓ 45001లో 8.1.3 క్లాజు ఒకే విషయాన్ని రెండు వైపుల నుంచి అడుగుతాయి. చాలా సంస్థల్లో మాత్రం వీటికి రెండు ఫారాలు, రెండు కమిటీలు ఉంటాయి, ఒక కమిటీకి వచ్చిన మార్పు రెండో కమిటీకి తెలియదు.

ఒక శుభ్రపరిచే సాల్వెంట్ మార్పును ఊహించండి. లోహపు భాగాలపై జిడ్డు తుడవడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వాడుతున్నారు. అసిటోన్ ఇంకా బాగా శుభ్రం చేస్తుంది, త్వరగా ఆరిపోతుంది అని ఎవరో ప్రతిపాదించారు. నాణ్యతా విభాగం పరీక్షించింది, పూత బాగా పట్టుకుంది, ఆమోదించింది. ఆ ఫారంలో అడగని విషయాలు చూడండి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఫ్లాష్ పాయింట్ (ఆవిరి నిప్పు తగిలితే అంటుకునే కనీస ఉష్ణోగ్రత) దాదాపు 12 డిగ్రీల సెల్సియస్, అసిటోన్‌ది సున్నాకు దిగువన సుమారు 20 డిగ్రీలు. ఆవిరి వేగం ఎక్కువ కాబట్టి బల్ల దగ్గర గాలిలో చేరే ఆవిరీ ఎక్కువ. అంతకన్నా సూక్ష్మమైన విషయం, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌కు బాగానే పనిచేసిన నైట్రైల్ తొడుగుల్లోంచి అసిటోన్ కొద్ది నిమిషాల్లోనే చొచ్చుకుపోతుంది. దానికి బ్యూటైల్ రబ్బరు తొడుగులు కావాలి. ఆపరేటర్ మాత్రం నిన్నటి తొడుగులే వేసుకుని, రక్షణ ఉందన్న నమ్మకంతో పని చేస్తూ ఉంటాడు. దీనికి తిరగబడిన ఉదాహరణ కూడా ఉంటుంది. భద్రతా విభాగం మండే గుణం లేని క్లీనర్‌ను తెస్తుంది, అది వదిలే పలుచని పొర వల్ల కొన్ని వారాల తర్వాత పూత ఊడిపోతుంది. రెండు సందర్భాల్లోనూ నిర్ణయం తీసుకున్నవారు తమ పని చక్కగానే చేశారు, సగం ప్రశ్నలు మాత్రం వారి ముందున్న కాగితం మీద లేవు.

మార్పును తగిన పరిశీలన లేకుండా చేస్తే ఏమవుతుందో చెప్పడానికి ఇంగ్లాండులోని ఫ్లిక్స్‌బరో రసాయన కర్మాగారం ఉదంతం నేటికీ సరిపోతుంది. వరుసగా ఉన్న రియాక్టర్లలో 5వ దానికి పగులు రావడంతో దాన్ని తీసేసి, 4వ రియాక్టరును 6వ దానితో తాత్కాలిక గొట్టం ద్వారా కలిపారు. ఆ గొట్టానికి సరైన ఇంజినీరింగ్ లెక్కలు గానీ డ్రాయింగు గానీ లేవు, వర్క్‌షాపు నేలపై సుద్దతో గీసుకున్న బొమ్మతో పని జరిగింది. 1974 జూన్ 1న ఆ గొట్టం విఫలమై వెలువడిన సైక్లోహెక్సేన్ ఆవిరి పేలి 28 మంది చనిపోయారు. ఉత్పత్తిని త్వరగా తిరిగి మొదలుపెట్టాలన్న తొందరలో చేసిన ఒక తాత్కాలిక ఏర్పాటు అది. డ్రాయింగు లేకపోవడం నాణ్యతా లోపమా, భద్రతా లోపమా అని వేరుచేసి చూస్తే ఆ ఘటన అర్థమే కాదు.

మీ ఉమ్మడి మార్పు ఫారం పొడవుగా ఉండనవసరం లేదు. ఏం మారుతోంది, ఎందుకు, తాత్కాలికమా శాశ్వతమా, తాత్కాలికమైతే ఏ తేదీకి ముగుస్తుంది, ఉత్పత్తిపై ప్రభావం ఏమిటి, పనిచేసేవారిపై ప్రభావం ఏమిటి, చట్టపరమైన అనుమతులు మారుతాయా, ఏ సూచనలు, ఏ శిక్షణ, ఏ విడిభాగాలు మారాలి అన్న ప్రశ్నలు చాలు. అయితే రెండు షరతులు మాత్రం సడలించకండి. మొదటిది, ఆ పని చేసే వ్యక్తి ఒకరు ఫారం చదివి తన అభిప్రాయం రాయాలి. రెండోది, తాత్కాలిక మార్పు గడువు తీరిన రోజున పాత స్థితికి వెళ్లడమో, కొత్త ఫారంతో శాశ్వతం చేయడమో ఏదో ఒకటి జరగాలి. గడువు తీరినా కొనసాగుతున్న తాత్కాలిక మార్పులు ఎన్ని ఉన్నాయో మేనేజ్‌మెంట్ రివ్యూలో (యాజమాన్యం చేసే సమీక్షలో) ప్రతిసారీ చూపించండి. ఆ ఒక్క సంఖ్య మీ వ్యవస్థ ఆరోగ్యాన్ని చాలావరకు చెబుతుంది. కొనుగోలు విభాగాన్ని ఈ ఫారం పరిధిలోకి తప్పక తీసుకురండి, ఎందుకంటే సంస్థల్లో చాలా మార్పులు ధర తక్కువన్న కారణంతో కొనుగోలు ఆర్డరు ద్వారా నిశ్శబ్దంగా వస్తాయి.

మూడో చోటు తప్పు జరిగిన తర్వాతి విచారణ. ప్రెస్‌లో భాగాన్ని పట్టి ఉంచే బిగింపు ఒత్తిడి అప్పుడప్పుడు పడిపోతోందని అనుకుందాం. సోమవారం భాగం కొద్దిగా జరిగి కొలత తప్పింది, అది తిరస్కరణల రిజిస్టరులో చేరింది. గురువారం భాగం పూర్తిగా ఊడి ఎగిరి ఆపరేటర్ భుజానికి తగిలింది, అది ప్రమాదాల రిజిస్టరులో చేరింది. కారణం ఒకటే, రిజిస్టర్లు రెండు, చూసే కళ్లు వేర్వేరు. సోమవారం నాటి తిరస్కరణలో గురువారం నాటి గాయపు హెచ్చరిక ఉంది, దాన్ని చదవగలిగినవారు ఎవరూ లేరు. కాబట్టి లోపాలు, కస్టమర్ ఫిర్యాదులు, గాయాలు, తృటిలో తప్పిన ప్రమాదాలు అన్నీ ఒకే రిజిస్టరులో, యంత్రం పేరు, పని పేరు, షిఫ్టు ప్రకారం వెతకడానికి వీలుగా ఉండాలి. మూల కారణం వెతికే పద్ధతి ఒకటే ఉండాలి. దిద్దుబాటు చర్య దగ్గర ‘ఆపరేటర్‌కు మళ్లీ శిక్షణ ఇచ్చాం’ అని రాసి మూసేసిన అంశాలను విడిగా తీసి చూడండి. రెండు వ్యవస్థల్లోనూ అదే వాక్యం అదే యంత్రం పక్కన పదేపదే కనబడితే అక్కడ మార్చవలసింది మనిషిని కాదని స్పష్టమవుతుంది.

ఇక్కడే చాలామంది గమనించని ఒక విషయం ఉంది. లోపమున్న ఉత్పత్తిని బాగుచేసే పని, అంటే రీవర్క్, సాధారణ పని కాదు. దానికి తరచూ భాగాన్ని పట్టి ఉంచే సరైన ఫిక్చరు ఉండదు, స్థలం ఉండదు, చేతి గ్రైండరుతోనో సాల్వెంటుతోనో ఒక మూల కూర్చుని చేస్తారు, పైగా లారీ బయట ఎదురుచూస్తూ ఉంటుంది. అంటే నాణ్యతా లోపం ఒకటి జరిగితే దాని వెనుకే అంచనా వేయని ప్రమాదం ఒకటి పుడుతుంది. రీవర్క్ ఆర్డరుపై సంతకం పెట్టే ముందు ఈ పని ఎక్కడ, ఏ పనిముట్టుతో, ఎవరు, ఏ రక్షణతో చేస్తారు అన్న నాలుగు ప్రశ్నలు చేర్చండి. ఉమ్మడి వ్యవస్థ నుంచి త్వరగా ఫలితం కావాలంటే ఇంతకన్నా సులువైన చోటు లేదు.

షిఫ్టు మార్పిడి కూడా ఇలాంటిదే. ఉత్తర సముద్రంలోని పైపర్ ఆల్ఫా చమురు వేదికపై 1988 జులై 6న ఒక పంపు సేఫ్టీ వాల్వును మరమ్మతు కోసం తీసివేశారన్న సంగతి రాత్రి షిఫ్టుకు చేరలేదు. రెండో పంపు ఆగిపోవడంతో మొదటి దాన్ని నడిపారు, ఆ తర్వాతి పేలుళ్లలో, మంటల్లో 167 మంది ప్రాణాలు కోల్పోయారు. ఏ యంత్రం మరమ్మతు పర్మిట్ కింద ఉంది, ఏ బ్యాచ్ హోల్డ్‌లో ఉంది, ఏ తాత్కాలిక మార్పు అమలులో ఉంది అన్నవి ఒకే హ్యాండోవర్ కాగితంపై, ఇద్దరు షిఫ్టు ఇన్‌చార్జీలు ఎదురెదురుగా నిలబడి సంతకం చేసేలా ఉండాలి.

పత్రాల నియంత్రణ, శిక్షణ రికార్డులు, అంతర్గత ఆడిట్ షెడ్యూలు, క్యాలిబ్రేషన్ (కొలిచే పరికరాలను సరిచూడడం) వంటివి నిస్సంకోచంగా కలపండి. టార్క్ రెంచీ, గ్యాస్ డిటెక్టర్ ఒకే క్యాలిబ్రేషన్ రిజిస్టరులో ఉండటంలో ఏ ఇబ్బందీ లేదు. ఇవి కలవడానికి పెద్ద ఆలోచన అవసరం లేదు కాబట్టి వీటిపై ఎక్కువ సమయం పెట్టకండి.

ఇక కలపకూడనివి. మొదటిది రిస్క్ అంచనా కొలమానం. నాణ్యతా విభాగంలో ఎఫ్‌ఎంఈఏ (ఏది ఎలా విఫలమవుతుందో, దాని ఫలితమేమిటో ముందే అంచనా వేసే పద్ధతి) వాడుతుంటే తీవ్రత, సంభవించే అవకాశం, కనిపెట్టలేకపోయే అవకాశం అనే మూడింటికి 1 నుంచి 10 వరకు అంకెలు ఇచ్చి గుణించడం పాత అలవాటు. తీవ్రత 10, మిగతావి రెండేసి అయితే 40 వస్తుంది. తీవ్రత 4, మిగతావి అయిదేసి అయితే 100 వస్తుంది. అంటే మనిషి చనిపోగల విషయం, గీతలు పడే విషయం కన్నా జాబితాలో కిందికి పోతుంది. వాహన పరిశ్రమకు చెందిన ఏఐఏజీ, వీడీఏ సంస్థలు 2019లో తెచ్చిన ఉమ్మడి చేతిపుస్తకం ఈ గుణకారాన్ని పక్కనపెట్టి, తీవ్రతకు ఎక్కువ బరువిచ్చే చర్యా ప్రాధాన్య పట్టికను తెచ్చింది. అలా మారిన తర్వాత కూడా దాన్ని భద్రతకు నేరుగా వాడకండి. లోపమున్న భాగాన్ని పంపేముందు కనిపెడితే నాణ్యతా వ్యవస్థ గెలిచినట్టే. గార్డు లేని రోలరు ఉందని కనిపెట్టినంత మాత్రాన అక్కడ పనిచేసే మనిషికి ఉన్న ప్రమాదం రవ్వంతైనా తగ్గదు. ఇంకా ముఖ్యమైన తేడా, నాణ్యతలో కొంత రిస్క్‌ను కస్టమర్ ఒప్పుకుంటే కన్సెషన్‌తో (ప్రత్యేక సడలింపుతో) పంపవచ్చు. గాయపడే రిస్క్‌ను మోసేవాడు ఆ లాభంలో వాటాదారు కాడు, చట్టం చెప్పిన దానికి కన్సెషన్ ఇచ్చే అధికారం సంస్థలో ఎవరికీ లేదు. రెండు కొలమానాలూ ఒకే సమావేశంలో, ఒకే పని గురించి చర్చకు రావాలి, అయితే రెండింటినీ ఒకే అంకెగా మార్చకూడదు.

రెండోది కార్మికుల భాగస్వామ్యం. ఐఎస్ఓ 45001లో 5.4 క్లాజు, నిర్వాహక హోదా లేని కార్మికులను సంప్రదించడం, నిర్ణయాల్లో భాగస్వాములను చేయడం గురించి స్పష్టంగా అడుగుతుంది. ఐఎస్ఓ 9001లో దానికి సమానమైన క్లాజు లేదు. రెండు మాన్యువళ్లను కుట్టేటప్పుడు రెండింటిలోనూ ఉన్నది నిలబడి, ఒకదానిలోనే ఉన్నది అనుబంధంలోకి జారిపోతుంది. అలా జారిపోయేది తరచూ ఇదే. దీన్ని విడిగా కాపాడడమే కాదు, నాణ్యతా నిర్ణయాలకు కూడా విస్తరించండి. నాణ్యతా నిర్వహణ నిపుణుడు డెమింగ్ తన 14 సూత్రాల్లో ఎనిమిదవదిగా సంస్థ నుంచి భయాన్ని తరిమేయమని చెప్పాడు. తిరస్కరించిన భాగాన్ని చెప్పడానికి భయపడే ఆపరేటర్, వేలికి తగిలిన దెబ్బను చెప్పడానికీ భయపడతాడు. సున్నా ప్రమాదాలు, సున్నా లోపాలు సాధించిన విభాగానికి బహుమతులు పెట్టే పద్ధతి మీ సంస్థలో ఉంటే దాన్ని ఆపించడానికి ప్రయత్నించండి, ఎందుకంటే అది ప్రమాదాల కన్నా ముందు నమోదులను తగ్గిస్తుంది.

రెండు విభాగాలకూ ఒక్కరే అధిపతిగా ఉండవచ్చా అన్నదానికి నా సమాధానం, ఉండవచ్చు, కానీ మూడు విషయాలు రాతపూర్వకంగా కుదిరిన తర్వాతే. ఆ వ్యక్తి ఉత్పత్తి అధిపతి కింద పనిచేయకూడదు. భద్రతా నిపుణుడికి అత్యున్నత యాజమాన్యాన్ని నేరుగా కలిసే దారి ఉండాలి, తన పై అధికారి ద్వారా మాత్రమే వెళ్లాలన్న నియమం ఉండకూడదు. పనిని ఆపే అధికారం ఆపరేటర్ నుంచి ప్రతి ఒక్కరికీ ఉండాలి, ఆపినందుకు డెలివరీ ఆలస్యమైతే దాన్ని ఆ వ్యక్తి ఖాతాలో రాయకూడదు. వృత్తి ఆరోగ్య పరిశీలన, యంత్ర రక్షణ, అగ్ని భద్రత, విద్యుత్ భద్రత వంటివి లోతైన విద్యలు. నాణ్యతా ఇంజినీరుకు నాలుగు రోజుల కోర్సు చెప్పించి భద్రతా నిపుణుడి పోస్టును తీసేయడం ఏకీకరణ అనిపించుకోదు. మీ యాజమాన్యం మనసులో జీతాల ఆదా ఉందేమో ముందుగానే తెలుసుకోండి, ఉంటే ఈ మాటను మొదటి సమావేశంలోనే చెప్పండి.

కొలతల విషయంలో ఒక హెచ్చరిక. ఉమ్మడి డాష్‌బోర్డు తయారుచేసేటప్పుడు గాయాల రేటును భద్రత మొత్తానికి ప్రతినిధిగా చూపిస్తారు. అమెరికాలోని టెక్సస్ సిటీ రిఫైనరీలో 2005 మార్చి 23న జరిగిన పేలుడులో 15 మంది చనిపోయారు, 180 మంది గాయపడ్డారు. దాని తర్వాత ఏర్పాటైన బేకర్ కమిటీ 2007 జనవరిలో ఇచ్చిన నివేదిక, వ్యక్తిగత గాయాల రేటు తగ్గడాన్ని ప్రక్రియా భద్రత (పేలుళ్లు, మంటల వంటి పెద్ద ప్రమాదాల నివారణ) బాగుందనడానికి గుర్తుగా తీసుకోవడం తప్పుదారి పట్టించిందని తేల్చింది. అందువల్ల గాయాల రేటు పక్కన గడువు దాటిన భద్రతా పరికరాల తనిఖీలు, బైపాస్‌లో ఉన్న ఇంటర్‌లాకులు, గడువు తీరిన తాత్కాలిక మార్పులు, కన్సెషన్‌తో పంపిన బ్యాచ్‌లు, రీవర్క్ గంటలు ఉంచండి. రీవర్క్ గంటలు పెరిగిన నెలల్లో గాయాలు, తృటిలో తప్పినవి ఎలా ఉన్నాయో మీరే పోల్చి చూడండి. యాజమాన్యంతో మాట్లాడేటప్పుడు మీ సొంత సంస్థ అంకెల కన్నా బలమైన వాదన ఇంకొకటి దొరకదు.

సర్టిఫికేషన్ ఆడిట్ల గురించి కూడా యాజమాన్యం అడుగుతుంది. అంతర్జాతీయ అక్రెడిటేషన్ ఫోరం పత్రమైన ఐఏఎఫ్ ఎండీ 11 ప్రకారం, వ్యవస్థ ఎంతవరకు ఏకీకృతమైందో చూసి సర్టిఫికేషన్ సంస్థ ఆడిట్ సమయాన్ని తగ్గించవచ్చు, ఆ తగ్గింపు 20 శాతం మించకూడదు. అంటే ఆడిట్ ఫీజు ఆదా కోసమే ఈ పని తలపెడితే దక్కేది స్వల్పం. అంతర్గత ఆడిట్లలో మాత్రం పెద్ద మార్పు తేవచ్చు. క్లాజు వెంబడి ప్రశ్నలు అడిగే పద్ధతి మాని, ఒక ఆర్డరు సంస్థలోకి వచ్చినప్పటి నుంచి సరుకు బయటకు వెళ్లేదాకా దాని వెంట నడిచేలా ఆడిట్ ఏర్పాటు చేయండి. నాణ్యత తెలిసినవారు ఒకరు, భద్రత తెలిసినవారు ఒకరు జంటగా వెళ్లాలి. ఒక్కరే రెండూ చూస్తే, ఆయనకు బాగా తెలిసిన వైపే లోపాలు దొరుకుతాయి, రెండో వైపు మౌనంగా ఉండిపోతుంది.

క్రమం విషయానికి వస్తే, మొదట ఒక పనిపై ఉమ్మడి సూచన రాయండి, దాంతో పాటే మార్పు ఫారాన్ని ఒకటి చేయండి, తర్వాత రిజిస్టర్లు, ఆ తర్వాత ఆడిట్లు, మేనేజ్‌మెంట్ రివ్యూ, అన్నిటికన్నా చివర విధాన ప్రకటన, మాన్యువల్. ఉమ్మడి సూచనను పగటి షిఫ్టులో పరీక్షించి ఆమోదించేయకండి. రాత్రి షిఫ్టులో నిర్వహణ ఇంజినీరు ఉండకపోవచ్చు, స్టోరు మూసి ఉండవచ్చు, బ్యూటైల్ తొడుగులు ఆ స్టోరులోనే ఉండవచ్చు. రాత్రి కూడా అది రాసినట్టుగానే నడుస్తోందని చూసిన తర్వాతే యంత్రం దగ్గర అతికించి ఉన్న పాత సూచనలు రెండింటినీ మీ చేతులతో తీసేయండి, లాకర్లలో, నోటీసు బోర్డు వెనకాల ఉన్న వాటి నకళ్లతో సహా.